పొగలో తిరిగే ముఖం

ట్రాఫిక్ పొగకూ ముఖం మీది మచ్చలకూ సంబంధం ఉందని గట్టిగా చూపించిన తొలి అధ్యయనాల్లో పేరుపొందినది ఒకటుంది. అందులో ఒక్క మగవాడు కూడా లేడు. 2010లో జర్మనీలోని డ్యూసెల్‌డార్ఫ్ శాస్త్రవేత్తలు దాని ఫలితాలు ప్రకటించారు. రూర్ పారిశ్రామిక ప్రాంతంలోనూ, దానికి దగ్గరి పల్లెల్లోనూ ఉంటున్న 400 మంది స్త్రీలను వాళ్లు పరీక్షించారు. అందరూ 70, 80 ఏళ్ల మధ్యవాళ్లే. గాలిలో మసి, వాహనాల పొగ పెరిగిన చోట ఉన్నవాళ్లకు నుదుటి మీదా బుగ్గల మీదా మచ్చలు సుమారు 20 శాతం ఎక్కువగా కనిపించాయి. ఎండ, సిగరెట్టు లాంటి ఇతర కారణాలను లెక్కకట్టి పక్కన పెట్టాక కూడా ఆ తేడా నిలిచింది.

మరి మన ఊళ్లలో రోజంతా ఆ పొగలో నిలబడేది ఎవరు? పంజాగుట్ట కూడలిలో ట్రాఫిక్ కానిస్టేబుల్. బెజవాడ బెంజ్ సర్కిల్ దగ్గర బేరం కోసం చూసే ఆటో డ్రైవర్. మాదాపూర్, గచ్చిబౌలి మధ్య భోజనం ప్యాకెట్లు మోసే డెలివరీ కుర్రాడు. ఆటోనగర్ మెకానిక్, విశాఖ పోర్టులో బొగ్గు దించే కూలీ, గోదావరిఖని ఓపెన్‌కాస్ట్‌లో డంపర్ నడిపే ఆపరేటర్. వీళ్లలో ఎక్కువమంది మగవాళ్లే. ముఖానికి ఏదైనా రాసుకోవడం ఆడవాళ్ల పని అని వింటూ పెరిగినవాళ్లూ వీళ్లే.

2019 జనవరిలో కేంద్రం మొదలుపెట్టిన జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమం జాబితాలో హైదరాబాద్, నల్గొండ, విజయవాడ, విశాఖపట్నం, గుంటూరు, కర్నూలు ఉన్నాయి. గాలిలోని సన్నటి ధూళి కణాలు ఏడాది సగటున ఘనపు మీటరుకు 5 మైక్రోగ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో చెప్పింది. మన దేశపు ప్రమాణం 40. అంటే ప్రభుత్వ లెక్కలో గాలి బాగున్న రోజున కూడా చర్మానికి పని తప్పదు.

అంగడిలో దీనికి బోలెడు క్రీములు దొరుకుతున్నాయి. అయితే మగవాడి ముఖానికి ముందుగా కావలసింది కొత్త క్రీము కాదు, పుట్టుకతో వచ్చిన పై పొరను చెడగొట్టకుండా ఉంచుకోవడం. పొగ చేసే హాని ఒక ఎత్తు. ఆ మురికిని వదిలించుకునే తొందరలో మగవాళ్లు తమ ముఖానికి తామే చేసుకునే హాని ఇంకో ఎత్తు. మొదటిదాన్ని ఒక్కడే ఆపలేడు. రెండోదాన్ని ఈ సాయంత్రమే ఆపొచ్చు.

లోపల ఏం జరుగుతుంది

ముఖం మీద చర్మపు పై పొర మామూలు కాగితం కంటే ఎంతో పలుచన. అందులో చచ్చిన కణాలు ఇటుకల్లా పేర్చి ఉంటాయి, వాటి మధ్య సున్నంలా కొవ్వు పదార్థాలు నిండి ఉంటాయి. నీళ్లు బయటికి పోకుండా, మురికి లోపలికి రాకుండా కాపాడే గోడ ఇదే.

పీఎం 2.5 అని పేపర్లలో రోజూ కనిపించే కణాలు తల వెంట్రుక మందంలో సుమారు ముప్పయ్యో వంతుకు మించవు. అంత చిన్నవైనా, ఆరోగ్యంగా ఉన్న పై పొరను దాటి అవి తేలిగ్గా లోపలికి పోలేవు. అసలు చిక్కు వాటికి అంటుకుని వచ్చే రసాయనాలతో. డీజిల్, చెత్త, పాత టైర్లు సగంసగం కాలినప్పుడు పాలీసైక్లిక్ ఆరోమాటిక్ హైడ్రోకార్బన్లు పుడతాయి. వీటికి నూనెలో కరిగే గుణం ఉంది. ముఖం మీది జిడ్డులో కరిగి మెల్లగా లోపలికి దిగుతాయి. అక్కడి కణాల్లో వీటిని పసిగట్టే ఒక గ్రాహకం ఉంటుంది. అది మేల్కొనగానే వాపు పుట్టించే సంకేతాలు బయల్దేరతాయి, చర్మానికి బిగువునిచ్చే కొలాజెన్‌ను తెంపే ఎంజైములు పెరుగుతాయి, రంగునిచ్చే మెలనిన్ తయారీ కూడా జోరందుకుంటుంది. పైన ఎండ తోడైతే, ముఖ్యంగా అతినీలలోహిత-ఏ కిరణాలు తోడైతే, ఈ రసాయనాల దెబ్బ ఇంకా పెద్దది. పొగ విడిగా, ఎండ విడిగా చేసే హాని కంటే రెండూ కలిసి చేసే హాని ఎక్కువ.

తెల్లటి యూరోపియన్ చర్మంలో దీని ఫలితం ముడతల రూపంలో త్వరగా తెలుస్తుంది. మన చామనఛాయ, నలుపు చర్మాల్లో ముందు కనిపించేవి మచ్చలు. బుగ్గల మీద మంగు, మొటిమ మానిన చోట నెలల తరబడి పోని నలుపు, నుదురు ఒక రంగు, మెడ ఒక రంగు. మంగు ఆడవాళ్లకే వస్తుందనుకునే మగవాళ్లు దాన్ని ఎండకు కమిలిందని వదిలేస్తారు.

రోజులో వేళను బట్టి, ఏడాదిలో కాలాన్ని బట్టి ఈ దాడి మారుతుంది. డిసెంబరు, జనవరి ఉదయాల్లో చల్లగాలి నేలను అంటిపెట్టుకుని ఉండడంతో పొగ పైకి పోలేక రోడ్డు మీదే నిలుస్తుంది. ఎండ ముదిరిన మధ్యాహ్నాల్లో వాహనాల పొగలోని వాయువుల నుంచి నేల దగ్గర ఓజోన్ తయారవుతుంది. ఈ ఓజోన్ చర్మంలోకి లోతుగా దిగదు. పై పొరలో కాపలాగా ఉండే విటమిన్-ఇని హరిస్తుంది.

మగవాడి చర్మం సగటున ఆడవాళ్ల చర్మం కంటే దాదాపు 20 శాతం మందం. టెస్టోస్టిరాన్ వల్ల జిడ్డు ఎక్కువ ఊరుతుంది. ఆడవాళ్లలో ముట్లు ఆగాక జిడ్డు తగ్గిపోతే, మగవాళ్లలో అది ముసలితనం దాకా పెద్దగా తగ్గదు. మందం మంచిదే. జిడ్డు మాత్రం పొగలోని కణాలను పట్టి ఉంచుతుంది. ఆపైన గడ్డం. బ్లేడు వెంట్రుకతో పాటు పై పొరలో కొంత భాగాన్ని కూడా గీకేస్తుంది. పొద్దున్నే గీసుకుని, స్పిరిట్ వాసన వేసే లోషన్ చరుచుకుని, అరగంటలో బండెక్కి ట్రాఫిక్‌లోకి పోయే మనిషి గోడకు చిల్లులు పెట్టి మరీ పొగకు ఎదురెళుతున్నాడు.

గట్టిగా రుద్దడం అనే అలవాటు

ఇంటికి రాగానే ఒంటికి పూసుకునే సబ్బుతోనే ముఖాన్నీ బరబరా తోమేయడం చాలామందికి అలవాటు. చర్మం బిగుసుకుపోయినట్టు ఉంటేనే శుభ్రమైనట్టు లెక్క. నిజానికి ఆ బిగుతు గోడలోని కొవ్వు కరిగిపోయిందని చర్మం చెప్పే మాట. మామూలు సబ్బు పీహెచ్ 9, 10 మధ్య ఉంటుంది. చర్మం ఉండాల్సింది 4.5, 5.5 మధ్య. అది తిరిగి కుదురుకోవడానికి గంటలు పడుతుంది. బోరు నీళ్లు వాడే కాలనీల్లో ఇంకో తలనొప్పి ఉంది. గట్టి నీటిలోని కాల్షియం సబ్బుతో కలిసి తెల్లటి తెట్టుగా మారి చర్మం మీదే ఉండిపోతుంది. దురద, పొడిబారడం దానివల్లే. అలాంటి చోట ముఖానికి నురగ తక్కువ వచ్చే ఫేస్ వాష్‌గానీ, డాక్టర్లు రాసే సబ్బు కాని సిండెట్ బార్‌గానీ వాడితే తేడా కొద్ది రోజుల్లోనే తెలుస్తుంది.

మరి సున్నిపిండి? సంక్రాంతికి నువ్వుల నూనె పట్టించి నలుగు పెట్టే ఇళ్లు ఇంకా ఉన్నాయి. పెసరపిండిలో క్షారం లేదు, ఆ రకంగా అది సబ్బు కంటే నయం. మెత్తగా జల్లించిన పిండిని తడిపి, వేళ్లతో తేలిగ్గా రాసి కడిగేస్తే ఇబ్బంది లేదు. పలుకు పలుకుగా ఉన్న పిండితో మొటిమల మీద రుద్దితే మాత్రం మొటిమ పగులుతుంది, మచ్చ మిగులుతుంది. గింజల పొడి వేసి అమ్మే స్క్రబ్‌లకూ ఇదే మాట. నిమ్మకాయ చెక్కతో ముఖం రుద్దుకోవడం అన్నిటికంటే చెడ్డది. నిమ్మరసం ఘాటైన ఆమ్లం. రాసుకుని ఎండలోకి పోతే బొబ్బలెక్కి, మానాక నల్లటి చారలు నెలల పాటు ఉంటాయి.

మెకానిక్ షెడ్లలో జరిగేది వీటన్నిటినీ మించినది. గ్రీజు పోవడానికి పెట్రోలు, కిరోసిన్, థిన్నర్‌తో చేతులు కడుక్కోవడం, ఆ చేతులతోనే ముఖం తుడుచుకోవడం. గ్రీజు కరిగినట్టే చర్మంలోని కొవ్వూ కరిగిపోతుంది. వేళ్ల మధ్య పగుళ్లు, మణికట్టు దగ్గర ఎర్రటి దద్దురు, రాత్రంతా దురద. షెడ్డులో చేరిన పద్దెనిమిదేళ్ల కుర్రాడికి ఇది పనిలో భాగమని పెద్ద మేస్త్రీ నేర్పుతాడు. ఆ పాఠం మారాలి. పని మొదలెట్టే ముందు చేతులకు వాసెలిన్ పలుచగా రాస్తే గ్రీజు గోళ్ల సందుల్లోకి, గీతల్లోకి దిగదు. తిరిగే బెల్టుల దగ్గర చెయ్యి జారకుండా మిగిలినదాన్ని తుడిచేసుకోవాలి. పని అయ్యాక కాస్త వంటనూనె పోసుకుని రెండు చేతులూ రుద్దితే గ్రీజు వదులవుతుంది. పాత గుడ్డతో తుడిచి, తర్వాత మామూలు సబ్బుతో కడిగి, కొబ్బరినూనె రాసుకుంటే చాలు. ఖర్చూ పెద్దగా ఉండదు. సిమెంటు పనివాళ్లకు చేతి తొడుగులు తప్పనిసరి. తడి సిమెంటు ఘాటైన క్షారం, అందులోని క్రోమియం ఒకసారి పడకపోతే జీవితాంతం పడదు.

సాయంత్రం మొదలుపెట్టాలి

మనవాళ్లకు పొద్దున స్నానం నియమం, సాయంత్రం స్నానం ఓపికను బట్టి. పొగలో పనిచేసేవాళ్లు ఈ వరసను తిప్పుకుంటే మంచిది. రోజంతా పట్టిన మసిని రాత్రంతా ముఖం మీదే ఉంచుకుని, దిండుకు పూసి, తెల్లారి కడగడం వల్ల రసాయనాలకు ఎనిమిది గంటలు అదనంగా దొరుకుతాయి. ఇంటికి రాగానే ముఖం, మెడ, చెవుల వెనక, మోచేతుల దాకా చేతులు కడగాలి. మరీ వేడినీళ్లు వద్దు. వేళ్ల కొసలతో మెల్లగా, అర నిమిషం పైగా, ముక్కు పక్కల మడతల్లోకి కూడా పోయేలా. మెత్తటి తువ్వాలుతో అద్దాలి, తుడవకూడదు. ఇంకా చెమ్మ ఉండగానే గ్లిజరిన్ గానీ సెరమైడ్లు గానీ ఉన్న మాయిశ్చరైజర్ పలుచగా రాయాలి. జిడ్డు ముఖానికి మాయిశ్చరైజర్ ఎందుకని అడుగుతారు. జిడ్డు వేరు, గోడలోని తేమ వేరు. నూనె కలవని జెల్ రకం వాళ్లకు సరిపోతుంది. మొటిమలు ఉన్న ముఖానికి కొబ్బరినూనె మాత్రం పనికిరాదు, అది రంధ్రాలను మూసేస్తుంది.

నయాసినమైడ్ 4, 5 శాతం ఉన్న సీరం మచ్చలకు, జిడ్డుకు కొంత పనిచేస్తుంది. పొద్దుటి పూట విటమిన్-సి రాస్తే పొగ, ఎండ పుట్టించే అస్థిర అణువులను కొంత అడ్డుకుంటుంది. అయితే గాలి తగిలితే అది పాడవుతుంది. సీసాలో ద్రవం ముదురు గోధుమరంగుకు తిరిగితే పారేయాల్సిందే. డబ్బు చూసుకోవలసినవాళ్లు ఈ రెండూ వదిలేయొచ్చు. వదలకూడనిది సన్‌స్క్రీన్ ఒక్కటే.

దాని విలువ చెప్పడానికి 2012లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్ అచ్చువేసిన ఒక ఫొటో చాలు. అందులో ఉన్నది 28 ఏళ్లు డెలివరీ ట్రక్కు నడిపిన 69 ఏళ్ల అమెరికన్. ముఖంలో కుడి సగం వయసుకు తగ్గట్టే ఉంది. కిటికీ వైపున్న ఎడమ సగం మాత్రం లోతైన ముడతలతో, వేలాడే చర్మంతో ఇంకా చాలా పెద్దవాడి ముఖంలా ఉంది. మామూలు కిటికీ అద్దం అతినీలలోహిత-బి కిరణాలను ఆపుతుంది, అతినీలలోహిత-ఏ కిరణాలను చాలావరకు వదిలేస్తుంది. మన బళ్లకు స్టీరింగ్ కుడివైపు. లారీ, ఆర్టీసీ బస్సు, క్యాబ్ నడిపేవాళ్లు కుడి బుగ్గనూ కుడి మోచేతినీ ఎడమవాటితో పోల్చి చూసుకుంటే ఈ మాట తమ ఒంటి మీదే కనిపిస్తుంది.

ఎస్‌పీఎఫ్ 30 పైన, పీఏ గుర్తు పక్కన మూడు ప్లస్‌లు ఉన్నది ఎంచుకోవాలి. చూపుడువేలు, నడిమివేలు పొడవునా పిండినంత క్రీము ముఖానికీ మెడకూ కావాలి. చాలామంది అందులో పావు వంతు రాసి పనిచేయలేదంటారు. ఎండలో ఉండేవాళ్లు రెండు గంటలకోసారి మళ్లీ రాయాలి. మంగు ఉన్నవాళ్లు ఐరన్ ఆక్సైడ్ కలిపిన, కాస్త రంగున్న సన్‌స్క్రీన్ అడిగి తీసుకోవాలి. మామూలు వెలుతురు కూడా మంగును పెంచుతుంది, రంగులేని క్రీములు దాన్ని ఆపలేవు.

గడ్డం సంగతి. పొద్దున పొగలోకి పోయేవాళ్లు వీలైతే రాత్రి స్నానం తర్వాత గీసుకోవడం మేలు, చర్మం కోలుకోవడానికి రాత్రంతా ఉంటుంది. వెంట్రుక మొలిచిన దిక్కుకే బ్లేడు నడవాలి. ఉంగరాల వెంట్రుకలవాళ్లకు మెడ మీద పొక్కులు వస్తుంటే నున్నగా గీకడం మానేసి ట్రిమ్మర్‌తో కొంచెం ఉంచుకోవాలి. కోసిన వెంట్రుక కొస చర్మంలోకి తిరిగి గుచ్చుకోవడమే ఆ పొక్కులకు కారణం. సెలూన్లో పటిక రుద్దితే రక్తం ఆగుతుంది కానీ చర్మం ఎండిపోతుంది, దాని తర్వాత మాయిశ్చరైజర్ కావాలి. కొత్త బ్లేడు వేయమని అడగడానికి మొహమాటం అక్కర్లేదు. గడ్డం పెంచేవాళ్లు వెంట్రుకలను కడిగి ఊరుకోకుండా కింది చర్మం దాకా వేళ్లు పోనివ్వాలి. దుమ్ము, చుండ్రు చేరేది అక్కడే.

హెల్మెట్ లోపలి మెత్తను ఎంతమంది ఉతుకుతారు? చెమట, జిడ్డు, మసి పీల్చుకున్న ఆ గుడ్డ రోజూ నుదుటికి ఒరుసుకుంటుంది. నుదుటి మీదా, పట్టీ తగిలే గడ్డం కిందా వరసగా వచ్చే మొటిమలు దాని పనే. ఊడదీయగల మెత్తను వారానికోసారి ఉతికి ఆరేయాలి. ముక్కుకు కట్టుకునే కర్చీఫ్ నూలుది అయి, రోజుకొకటి మారుతూ ఉండాలి. అది ముఖాన్ని ఎండ నుంచీ పెద్ద దుమ్ము నుంచీ కాపాడుతుంది. ఊపిరితిత్తులను మాత్రం కాపాడలేదు, దానికి ఎన్95 మాస్కే కావాలి.

మెడికల్ షాపు ట్యూబు

పొగ వల్ల ముఖం కళ తప్పి నల్లబడినప్పుడు మగవాళ్లు ముందు పోయేది డాక్టరు దగ్గరికి కాదు, వీధి చివరి మెడికల్ షాపుకు. మగవాళ్ల కోసమే ప్రత్యేకంగా తెల్లబరిచే క్రీము మన మార్కెట్లోకి 2005లో వచ్చింది. ఆ ఆశను అంతకంటే చవకగా తీర్చేవి స్టీరాయిడ్ ట్యూబులు. బీటామెథసోన్, క్లోబెటసాల్, మోమెటసోన్, ఈ మూడు పేర్లలో ఏది కనిపించినా డాక్టరు రాయకుండా ముఖానికి తాకించకూడదు. వారం రోజుల్లో ముఖం తేటపడుతుంది. నెలలు గడిచేసరికి చర్మం పలుచబడి, ఎర్రటి రక్తనాళాలు బయటికి కనిపించి, మొటిమలు గుంపులుగా లేచి, మానేస్తే మంట పుడుతుంది. మానలేక మళ్లీ అదే రాస్తారు. దేశంలోని చర్మవైద్యులు ఏళ్లుగా మొత్తుకున్నాక 2018లో కేంద్రం చాలా స్టీరాయిడ్ క్రీములను చీటీ ఉంటేనే అమ్మాల్సిన మందుల జాబితాలో చేర్చింది. అయినా అడిగితే ఇచ్చేసే షాపులు పోలేదు. తయారీదారు పేరు సరిగా లేని తెల్లబరిచే క్రీములది ఇంకో ప్రమాదం. కేరళ మలప్పురం జిల్లాలో అలాంటి క్రీములు వాడినవాళ్లకు మూత్రపిండాల జబ్బు వచ్చినట్టు 2023లో అక్కడి వైద్యులు బయటపెట్టారు. కారణం అందులోని పాదరసం.

సిగరెట్టు గురించి ఒక్క మాట. అమెరికాలోని ఒహాయోలో ట్విన్స్‌బర్గ్ అనే ఊళ్లో ఏటా కవలల ఉత్సవం జరుగుతుంది. అక్కడ ఫొటోలు తీసి చేసిన అధ్యయనం 2013లో వచ్చింది. కవలల్లో పొగతాగేవాళ్ల ముఖం, తాగని తోబుట్టువు ముఖం కంటే ముసలిగా కనిపించింది. కళ్ల కింది సంచులు, పై పెదవి ముడతలు ముఖ్యమైన తేడాలు. రోడ్డు మీది పొగ తప్పించుకోలేనిది, ఇది తప్పించుకోగలిగినది.

పల్లెల్లో గాలి శుభ్రంగా ఉంటుందనుకునే మగ రైతును దెబ్బతీసే జబ్బు ఒకటుంది. పొలం గట్ల మీదా, రోడ్ల పక్కనా తెల్లపూలతో పెరిగే వయ్యారిభామ, కొందరు కాంగ్రెస్ గడ్డి అంటారు, 1950లలో మన దేశంలో తొలిసారి గుర్తించిన కలుపు. ఎండిన ఆకుల పొడి, పూల ధూళి గాలిలో తేలి ముఖం మీద పడితే పడనివాళ్లకు దురద, తడి కారే దద్దురు, క్రమంగా మందంగా నల్లబడిన చర్మం. దీని బారిన పడేవాళ్లలో మగవాళ్లే ఎక్కువ. ఎండ కమిలింపు అనుకుని ఏళ్లు గడిపేస్తారు. తేడా పట్టుకోవడానికి ఒక గుర్తు ఉంది. ఎండ తగలని చోట్లు, అంటే కనురెప్పలు, చెవుల వెనక, గడ్డం కింద, మోచేతి మడత, ఇవి కూడా దద్దురెక్కితే కారణం గాలిలో వచ్చినది. ఇంట్లో ఎవరైనా కలుపు పీకాల్సి వస్తే పూత రాకముందే, నిండు చేతుల చొక్కా, తొడుగులు వేసుకుని పీకాలి. జబ్బు ఉన్న మనిషి ఆ పనికి పోకూడదు.

మచ్చ రంగు మారుతున్నా, అంచులు వంకరగా పాకుతున్నా, పుండు నెల దాటినా మానకపోయినా, సన్‌స్క్రీన్‌తో మూడు నెలలు గడిచినా మంగు తగ్గకపోయినా చర్మవైద్యుణ్ని కలవాలి. ప్రభుత్వ బోధనాసుపత్రుల్లో చర్మవ్యాధుల ఓపీ ఉంటుంది. వెళ్లేటప్పుడు ఇప్పటిదాకా రాసుకున్న ట్యూబులన్నీ, ఖాళీవైనా సరే, ఒక కవర్లో వేసుకుని పోవాలి. ఏ పని చేస్తారో, రోజుకు ఎన్ని గంటలు రోడ్డు మీద ఉంటారో, చేతులు దేనితో కడుక్కుంటారో డాక్టరు అడగకపోయినా చెప్పాలి.